ఆటోనగర్‌లో మా అంబాసిడర్

రాత్రిపూట మా కారు లైట్లు వేస్తే వెలుగు రోడ్డు మీద పడకుండా కొబ్బరిమట్టల్లో పడుతోందని మొదట కనిపెట్టింది మా పక్కింటి పిల్లాడు. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు 'అన్నా, మీ కారు ఆకాశంలోకి చూస్తోంది' అన్నాడు. నవ్వుకుంటూ వెనక్కెళ్లి చూశాను. వాడన్నది నిజమే. వెనకభాగం కిందికి కూలబడి, అందులోనూ ఎడమపక్కకి ఒరిగి ఉంది. పండగ భోజనం చేసి అరుగు మీద చేరగిలబడిన పెద్దమనిషి అలాగే ఉంటాడు!

వెనక కమాన్ కట్టలు వాలిపోయాయన్నమాట.

మాది కృష్ణా జిల్లా ఉయ్యూరు దగ్గర చిన్న ఊరు. కారు 1974 నాటి అంబాసిడర్ మార్క్ 2. స్టీరింగ్ పక్కనే గేరు కడ్డీ, ముందు ముగ్గురు కూర్చోగలిగే బెంచీ సీటు. తాతయ్య దాన్ని 1982లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. ఊళ్లో పెళ్లికూతుళ్లు అత్తారింటికి వెళ్లింది అందులోనే, పురిటికి ఉయ్యూరు ఆస్పత్రికి వెళ్లిందీ అందులోనే. తాతయ్య పోయి ఆరేళ్లయింది. కారు మాత్రం ఇంకా తిరుగుతోంది. అందుకు కారణం మా నాయనమ్మ.

పోయినేడాది ఆవిడకి తుంటి మార్పిడి ఆపరేషన్ జరిగింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు ఒకటికి రెండుసార్లు చెప్పారు... మోకాళ్లు తుంటికంటే పైకి వచ్చేలా ఎక్కడా కూర్చోకూడదు, పల్లంగా ఉండే సోఫాలూ పీటలూ వద్దు అని. నా చిన్నకారు సీటు ఆ సోఫాలకంటే పల్లం. అందులో కూర్చోవాలంటే నడుం వంచి, ఓ కాలు లోపల పెట్టి, దాదాపు పడిపోవాలి. అంబాసిడర్‌తో ఆ బాధ లేదు. తలుపు బార్లా తీసి, వెనక్కి తిరిగి, మంచం మీద కూర్చున్నట్టు కూర్చుని, కాళ్లు లోపలికి తిప్పుకుంటే చాలు. అందుకే విజయవాడలో చెకప్‌కి నాన్న ఆవిడని ఈ కారులోనే తీసుకెళ్తుంటాడు.

సంక్రాంతికే ఇంకో సంగతి తెలిసింది. వెనకటి రెండు చెకప్‌లకీ నాయనమ్మ వెళ్లలేదట. అడిగితే 'బాగానే ఉందిరా నాన్నా, ఊరికే అంతదూరం ఎందుకూ' అంది. తర్వాత అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది. 'ఆ కారెక్కితే ప్రతి స్పీడ్‌బ్రేకర్‌కీ ప్రాణం పోతోందట. మీ నాన్నకి చెప్పొద్దంది. నీకైతే అసలే చెప్పొద్దంది.'

నాకెందుకు చెప్పొద్దందో నాకు వెంటనే అర్థమైంది. ఆ కారు అలా తయారవడానికి సలహా ఇచ్చింది నేనే!

పరీక్షలో పాసైన లెక్క

నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. చేస్తున్నది హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలాంటివాళ్లు మన రాష్ట్రాల్లో వీధికి పదిమంది ఉంటారు కాబట్టి అందులో వింతేం లేదు. మెషీన్ డిజైన్ పేపర్లో కమాన్ కట్టల మీద ఓ లెక్క తప్పకుండా ఇచ్చేవారు. పట్టీ ఎంత పొడవు, ఎంత వెడల్పు, ఎంత మందం, ఎన్ని పట్టీలు, ఎంత బరువేస్తే ఎంత వంగుతుంది... ఫార్ములా బట్టీపట్టి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. నిజం కమాన్ కట్ట మీద మాత్రం ఏనాడూ చెయ్యి వెయ్యలేదు.

తెలియనివాళ్లకోసం రెండు ముక్కలు చెబుతాను. లారీ వెనకచక్రాల దగ్గర విల్లులా వంగి, ఒకదాని కింద ఒకటి పేర్చిన ఇనప పట్టీలు చూసే ఉంటారు. అవే కమాన్ కట్టలు. కమాన్ అంటేనే విల్లు. అన్నిటికంటే పైన పొడవాటి మెయిన్ పట్టీ ఉంటుంది. దాని రెండు చివర్లూ గుండ్రంగా చుట్టి కన్నుల్లా ఉంటాయి. ముందు కన్ను బండి అడుగుభాగానికి కదలకుండా బిగిస్తారు. వెనక కన్ను షాకిల్ అనే ఊగే బద్దెకి తగిలిస్తారు. బరువు పడ్డప్పుడు విల్లు సాగి కట్ట పొడవు పెరుగుతుంది కదా, ఆ పెరిగిన పొడవుకి చోటివ్వడానికే షాకిల్. మెయిన్ పట్టీ కింద పట్టీలు పొడవు తగ్గుతూ వస్తాయి. మధ్యలో అన్నిటినీ ఒక సెంటర్ బోల్టు కలుపుతుంది. మొత్తం కట్టని ఇరుసుకి యూ ఆకారపు బోల్టులు పట్టి ఉంచుతాయి.

అంబాసిడర్‌కి ముందుపక్క టోర్షన్ బార్లు, వెనకపక్క కమాన్ కట్టలు. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి వచ్చిన ఏర్పాటది. కోల్‌కతా పక్కన ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో 2014 మేలో ఉత్పత్తి ఆపేసేదాకా వెనక కట్టలు అలాగే కొనసాగాయి.

నాయనమ్మ ఆపరేషన్‌కి కొన్నాళ్ల ముందు నాన్న ఫోన్ చేసి 'కారు వెనక దిగబడిందిరా, ఏం చేయిద్దాం?' అన్నాడు. మీటింగ్‌లో ఉన్నాను. మ్యూట్ నొక్కి 'ఒక పట్టీ ఎక్కువ వేయించు నాన్నా, లేస్తుంది' అన్నాను. లెక్క ప్రకారం తప్పులేదు. పట్టీలు పెరిగితే బలం పెరుగుతుంది. నాన్న దగ్గర్లోని ఓ షెడ్డుకి తీసుకెళ్లాడు. వాళ్లు తుక్కులో దొరికిన లారీ పట్టీని కోసి రెండువైపులా దోపేశారు. గంటలో పనైపోయింది. కారు లేచింది. వాట్సాప్‌లో ఫొటో వస్తే బొటనవేలు ఎమోజీ పెట్టాను.

ఆ బొటనవేలు సంగతి తేల్చడానికి ఫిబ్రవరిలో రెండ్రోజులు సెలవు పెట్టి ఊరెళ్లాను. నాన్నేమో కారు అమ్మేద్దామంటున్నాడు. 'రెండ్రోజులు ఆగు నాన్నా. బాగుపడకపోతే నీ ఇష్టం' అని ఒప్పించాను.

బందరు రోడ్డు మీద

పొద్దున్నే ఆరింటికి బయల్దేరాను. ఉయ్యూరు నుంచి విజయవాడ 30 కిలోమీటర్ల చిల్లర. కారులో నేనొక్కణ్ణే. ఉయ్యూరంటే చక్కెర ఫ్యాక్టరీ కాబట్టి ఆ రోజుల్లో చెరకు ట్రాక్టర్లు ఎదురొస్తూనే ఉంటాయి. వెనక చెరకు గడలు నేలని రాసుకుంటూ, ట్రక్కు అటూ ఇటూ ఊగుతూ వస్తుంటే మనమే రోడ్డు దిగాలి. దిగినప్పుడల్లా ఎడమ వెనకచక్రం దగ్గర 'ఠక్' మని ఇనుముకి ఇనుము తగిలిన చప్పుడు. ఆ చప్పుడు సీట్లోంచి నేరుగా నా నడుంలోకి వచ్చింది. నాకు 28 ఏళ్లు. తుంటిలో లోహపు కీలు ఉన్న 79 ఏళ్ల మనిషికి ఎలా ఉంటుందో ఆలోచించుకుంటూ నడిపాను.

కంకిపాడు దాటి, ఈడుపుగల్లు, పెనమలూరు, పోరంకి... ఇంటి దగ్గర్నుంచి స్పీడ్‌బ్రేకర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. కొన్ని బోర్డుతో ఉన్నాయి, కొన్ని ఏ బోర్డూ లేకుండా ఉన్నాయి. కానూరు చేరేసరికి 17 అయ్యాయి. రానూపోనూ 34. నాయనమ్మ నోరు మెదపకుండా ఇన్ని దెబ్బలు తిందన్నమాట.

చిన్నప్పుడు ఇదే దారిలో ఇదే కారులో వెనకసీట్లో నించుని వెళ్లేవాణ్ణి. అప్పుడు గుంతల్లో పడితే కారు పడవలా ఊగేది. ఒకసారి కిందికి, ఒకసారి పైకి, అంతే. ఆ ఊపుకి నవ్వొచ్చేది, తర్వాత నిద్రొచ్చేది. ఇప్పుడు అదే కారు చెక్కబల్లలా ఎగిరి పడుతోంది.

అడగండి, ఇక్కడ దొరుకుతుంది

విజయవాడలో కలకత్తా-చెన్నై హైవే, హైదరాబాద్-మచిలీపట్నం హైవే కలుస్తాయి. రెండు పెద్ద దారులు కలిసేచోట లారీలు ఆగుతాయి. లారీలు ఆగేచోట మెకానిక్కులుంటారు. బెజవాడ ఆటోనగర్ కథ క్లుప్తంగా అంతే. ఆసియాలోనే పెద్ద ఆటోనగర్లలో తమదొకటని బెజవాడవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. అసలు పేరు జవహర్ ఆటోనగర్. ఆ పేరుతో అడిగితే ఆటోవాళ్లు కూడా ఒక క్షణం ఆలోచిస్తారు!

బందరు రోడ్డు మీద ఆటోనగర్ గేటు దగ్గర లోపలికి తిరగ్గానే గాలి వాసన మారిపోతుంది. కాలిన ఇనుము, డీజిలు, కొత్త పెయింటు, మధ్యలో ఎక్కడో వేడి పునుగులు. ఒక వీధిలో కేబిన్ లేని లారీ ఛాసిస్‌లు వరసగా నిలబడి ఉంటాయి, వాటి మీద వడ్రంగులు చెక్కలు బిగిస్తుంటారు. పక్క వీధిలో అన్నీ రేడియేటర్లే. ఆ పక్కన క్రాంక్ గ్రైండింగ్. ఇంకాస్త ముందుకెళ్తే విప్పేసిన బండ్ల తుక్కు. స్టీరింగులు ఒకపక్క, డోర్లు ఒకపక్క కుప్పలు పోసి ఉంటాయి. ఒక పెయింటరు లారీ వెనక తలుపు మీద నెమలి వేస్తున్నాడు. ఫించంలో ఒక్కో కన్నూ దిద్దుతూ చుట్టూ ఇంత రొద ఉన్నా తల ఎత్తడం లేదు.

మొదట ఆగిన షాపులో కుర్రాడు కారు చుట్టూ తిరిగి ఒకే మాట చెప్పాడు. 'ఇంకో పట్టీ వేద్దాం సార్. కోడిపుంజులా లేస్తుంది.' దండం పెట్టి ముందుకు కదిలాను. రెండో షాపులో ముసలాయన కారు చూడలేదు. ఎడమ వెనకమూల మీద రెండు చేతులూ ఆన్చి గట్టిగా నొక్కి వదిలాడు. కారు కదల్లేదు. మళ్లీ నొక్కాడు.

'ఎవరు వేయించారు ఎక్స్‌ట్రా పట్టీ?' అన్నాడు.

ఒక్క క్షణం నాన్న మీదకి తోసేద్దామనిపించింది. 'నేనేనండి' అన్నాను.

'ఏం చదువుకున్నావు?'

చెప్పాను. ఆయన నవ్వలేదు. అది ఇంకా కష్టంగా అనిపించింది. అక్కడ అందరూ ఆయన్ని బాబాయ్ అంటున్నారు. నేనూ అలాగే పిలిచాను.

చీలిక

వెనకచక్రాల నట్లు ముందు నేల మీదే వదులు చేశారు. తర్వాత జాకీ. ఇక్కడొక కిటుకుంది. మామూలుగా టైరు మార్చేటప్పుడు ఇరుసు కింద జాకీ పెడతాం. కమాన్లు విప్పాలంటే అలా కుదరదు. కారు బరువు మొత్తం అడుగుభాగం కింద పెట్టిన స్టాండ్ల మీద ఆగాలి. ఇరుసు కింద ఇంకో జాకీ పెట్టి దాన్ని ఊరికే పట్టుకుని ఉండాలి. అప్పుడే కట్ట మీద బరువు లేకుండా పోతుంది. స్టాండ్ల మీద నమ్మకం చాలక బాబాయ్ పక్కన రెండు పెద్ద చెక్క దిమ్మలు కూడా పెట్టించాడు. 'కారు కింద పడుకునేవాడికి ఇల్లూ వాకిలీ ఉంటుంది కదా' అన్నాడు.

యూ బోల్టుల నట్లు తుప్పుతో కరుచుకుపోయాయి. డీజిలు పోసి అరగంట ఆగినా రెండు మాత్రమే కదిలాయి. మిగతావి కోసేశారు. పాత యూ బోల్టులు విప్పాక మళ్లీ వాడకూడదని, ఒకసారి గట్టిగా సాగిన మరలు రెండోసారి పట్టు ఇవ్వవనీ చెప్పాడు. షాకిల్ రబ్బరు బుష్‌లు చేత్తో తీస్తే చింతపండు పిప్పిలా రాలిపోయాయి.

కట్టని వైస్‌లో బిగించి, సెంటర్ బోల్టు మెల్లగా వదిలారు. తొందరపడితే పట్టీలు ఎగిరి మొహాన కొడతాయట. విడదీసిన పట్టీలని నేల మీద వరసగా పేర్చి సుద్దముక్కతో నంబర్లు వేశారు. బాబాయ్ మెయిన్ పట్టీని గుడ్డతో తుడిచి, వెలుగులోకి తిప్పి, నన్ను పిలిచాడు.

దోపిన లారీ పట్టీ చివర ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడ, మెయిన్ పట్టీకి అడ్డంగా వెంట్రుక మందాన ఒక గీత ఉంది. గోటితో రాస్తే తగులుతోంది.

'చీలింది. ఇలాగే తోలుకొచ్చావా? ఇది తెగితే ఇరుసు ఆ పక్క వెనక్కి జరుగుద్ది. స్టీరింగ్ నీ మాట వినదు.'

నోరు ఎండిపోయింది. పోయిన దసరాకి ఇదే కారులో నాన్న, అమ్మ, నాయనమ్మ దుర్గగుడికి వెళ్లొచ్చారు.

అప్పుడు ఆ లెక్క మళ్లీ వేశాను, ఈసారి నిజం పట్టీల మీద. వెర్నియర్ అడిగి తీసుకుని కొలిచాను. మా పట్టీలు పావు అంగుళం మందం. దోపింది ఎనిమిది మిల్లీమీటర్లు. చూపుకి పెద్ద తేడా లేదు. కానీ పట్టీ బిరుసుతనం మందంతో పాటు మామూలుగా పెరగదు, మందాన్ని మూడుసార్లు గుణించినంతగా పెరుగుతుంది. అంటే ఆ ఒక్క పట్టీ మా పట్టీలు రెండింటితో సమానం. తను వంగదు, పక్కవాటిని వంగనివ్వదు. తను ఆగిన చోట మాత్రం మెయిన్ పట్టీ ఒక్కసారిగా వంగాల్సి వస్తుంది. ఏళ్ల తరబడి పొడవంతా పంచుకున్న వంపు ఒక్క గీత మీద పడింది. ఫార్ములాలో ఇదంతా ఉంది. నేను ఫోన్లో మ్యూట్ నొక్కి చెప్పిన జవాబులోనే లేదు.

'మరి కారు మళ్లీ ఎందుకు వాలింది బాబాయ్?' అన్నాను.

'నీ లారీ పట్టీకి ముందే వంపు పోయింది. దాని పని అయిపోయే తుక్కులోకి వచ్చింది. దాన్ని మళ్లీ పనికి పెట్టారు.' ఎడమ కట్ట, కుడి కట్ట మెయిన్ పట్టీలు పక్కపక్కన పెట్టి, రెండు కన్నుల మధ్య దారం లాగి పట్టుకున్నాడు. దారానికీ పట్టీ నడుముకీ మధ్య సందు ఎడమదానికి కుడిదానికంటే వేలెడు తక్కువ. 'చూడు. మీ ఊరి రోడ్డు సింగిల్ రోడ్డేగా? బస్సొస్తే ఎప్పుడూ ఎడంచక్రాలే మార్జిన్లోకి దిగుతాయి. ఏభై ఏళ్లు దిగినయ్.'

తాతయ్య తప్పుకున్న బస్సులన్నీ ఆ వేలెడు తేడాలో ఉన్నాయి.

కొలిమి దగ్గర

రెండు దార్లున్నాయని చెప్పాడు బాబాయ్. పాత పట్టీలనే సుత్తితో కొట్టి వంపు తెప్పించడం ఒకటి. చౌక, కానీ ఆర్నెల్లలో మళ్లీ వాలతాయి. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచేస్తే ఇంకా ఘోరం, పదును చచ్చిపోతుంది. రెండో దారి, రెండు కట్టలూ కొత్త పట్టీలతో చేయించుకోవడం. ఒకవైపే మారిస్తే కారు ఇంకోవైపు ఒరుగుతుంది కాబట్టి రెండూ కలిపే చెయ్యాలి. రెండోదే చెయ్యమన్నాను.

ఈఎన్-45 అని స్ప్రింగులకోసమే వాడే ఉక్కు ఉంటుంది. అందులో సిలికాన్, మాంగనీసు కలుస్తాయి. ఆ బద్దెల్ని పాత పట్టీల పొడవుకి కోశారు. మెయిన్ పట్టీ చివర్లు కాల్చి కన్నులు చుట్టారు. తర్వాత ఒక్కో పట్టీ కొలిమిలోకి. దాదాపు 900 డిగ్రీల దగ్గర ఉక్కు నారింజ కలిసిన ఎరుపులోకి వస్తుంది. పట్టకారుతో తీసి, నమూనా మీద పెట్టి, సమ్మెటతో నాలుగు దెబ్బలు వేసి, వంపు కుదరగానే నూనె తొట్టిలో ముంచుతారు. గుప్పుమని పొగ!

అలా ముంచిన ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది. దాన్ని మళ్లీ తక్కువ వేడి మీద కాచి పదును దించాలి. పుస్తకంలో దీన్ని టెంపరింగ్ అంటారు, 400 నుంచి 500 డిగ్రీల మధ్య అని రాసి ఉంటుంది. బాబాయ్ దగ్గర థర్మామీటర్ లేదు. ఒక ఎండు కర్రముక్క ఉంది. కాగుతున్న పట్టీ మీద దాన్ని రాస్తున్నాడు. మొదట ఊరికే జారింది. కాసేపటికి పొగ వచ్చింది. ఇంకాసేపటికి రాసినచోట సన్నగా నిప్పురవ్వలు మెరిశాయి. 'తియ్యండి' అన్నాడు.

ఆయన 14 ఏళ్లప్పుడు ఈ కొలిమి దగ్గరకి వచ్చాడట. అప్పట్లో జట్కాబండ్లకి కూడా కమాన్లు చేసేవారని చెప్పాడు. ఇప్పుడు కార్లన్నిటికీ చుట్ట స్ప్రింగులొచ్చాయి, లారీలకి ఫ్యాక్టరీ కట్టలు రెడీగా వస్తున్నాయి. అంబాసిడర్ ఏ రెండు మూడు నెలలకో ఒకటి వస్తుంది. కొడుకు ఏం చేస్తున్నాడని అడిగాను. 'హైదరాబాద్‌లో కంప్యూటర్ పని. నీలాగే' అన్నాడు. ఆ కర్ర పరీక్ష ఇంకెవరికి వచ్చని అడగబోయి ఆగిపోయాను. కొలిమి దగ్గర సమ్మెట పట్టింది బిహార్ నుంచి వచ్చిన 20 ఏళ్ల కుర్రాడు. కర్ర రాసినప్పుడల్లా వాడు కళ్లార్పకుండా చూస్తున్నాడు.

సాయంత్రం కారు అక్కడే వదిలి, గేటు దగ్గర బందరు బస్సెక్కి ఇంటికొచ్చాను. నాయనమ్మ ఏమైందని అడగలేదు. నా చొక్కా మీద మసి చూసి 'మీ తాతయ్య కూడా ఇలాగే వచ్చేవాడు' అంది.

బిగించడంలో ఓ పద్ధతి

మర్నాడు పదింటికల్లా వెళ్లాను. పట్టీలు సిద్ధంగా ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి పెడితే మధ్యలో సన్నటి సందులు కనబడ్డాయి. సరిగ్గా అతకలేదేమో అనుకునేవాణ్ణి, కానీ ఇది మాత్రం చదువుకున్నదే! చిన్న పట్టీకి పెద్దదానికంటే కాస్త ఎక్కువ వంపు ఇస్తారు. సెంటర్ బోల్టు బిగించగానే సందులు మూసుకుని, మెయిన్ పట్టీ మీద పడే భారం కొంత ముందే తగ్గుతుంది. బ్రేకు వేసినా, పక్కకి తిరిగినా అదనపు దెబ్బ తినేది మెయిన్ పట్టీయే కదా. ఆ సందు పేరు 'నిప్' అని చెప్పాను. 'మేము ఊపిరి అంటాం' అన్నాడు బాబాయ్. ఆ మాట ఆటోనగరంతా అంటారో, ఆయనొక్కడే అంటాడో అడగలేదు.

పట్టీల మధ్య గ్రాఫైట్ గ్రీజు రాశారు. సెంటర్ బోల్టు తల ఇరుసు మీది గుంటలో సరిగ్గా కూర్చుందో లేదో టార్చి వేసి చూశారు. అది కూర్చోకపోతే ఇరుసు వంకరై కారు పీతలా నడుస్తుంది. యూ బోల్టులు ఒకవైపే బిగించకుండా, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించారు. షాకిల్, ముందు కన్ను బోల్టులు మాత్రం వదులుగానే ఉంచి చక్రాలు పెట్టి కారుని నేల మీదకి దించారు. నలుగుర్ని వెనకసీట్లో కూర్చోబెట్టి, కారుని నాలుగుసార్లు ఊపి, అప్పుడు బిగించారు. గాల్లో ఉన్నప్పుడే బిగిస్తే, దించగానే బుష్ రబ్బరు మెలితిరిగి నెలల్లో చిరిగిపోతుంది. ఇలాంటివి తెలియకే మంచి కట్టలు కూడా పాడవుతాయి.

టేపు పెట్టి కొలిచాను. వెనకభాగం రెండున్నర అంగుళాలు లేచింది. రెండు పక్కల మధ్య తేడా అంగుళంన్నర నుంచి పావు అంగుళానికి తగ్గింది. కొత్త కట్టలు మొదట్లో కాస్త ఎత్తుగానే ఉండి, తర్వాత సర్దుకుంటాయట. 'మూడొందల కిలోమీటర్లు తిరిగాక వచ్చి యూ బోల్టులు మళ్లీ బిగించుకో. మర్చిపోవద్దు' అని మూడుసార్లు చెప్పాడు. మొత్తం 15,600 రూపాయలైంది.

డబ్బులిస్తుంటే పక్కషాపాయన వచ్చి 'ఏభై దాటిందిగా, వింటేజ్ నంబరు తీసుకోండి సార్, పరువుగా ఉంటది' అన్నాడు. 2021 నుంచి అలాంటి ఏర్పాటు ఉన్నమాట నిజమే. 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని బండికి ప్రత్యేకమైన నంబరిస్తారు. కానీ ఆ నంబరుంటే ప్రదర్శనలకీ ర్యాలీలకీ రిపేర్లకీ తప్ప రోజూ రోడ్డు మీద తిప్పకూడదు. మాకు పరువుకంటే పని ముఖ్యం. అందుకే అయిదేళ్లకోసారి తనిఖీ చేయించి మామూలు ఆర్సీయే పొడిగించుకుంటున్నాం.

బయల్దేరే ముందు బాబాయ్ మళ్లీ ఎడమ వెనకమూల మీద చేతులు ఆన్చి నొక్కాడు. కారు మెత్తగా కిందికి దిగి, పైకి లేచి, ఆగింది.

'ఎత్తు చూసి మురిసిపోవద్దు అబ్బాయ్. చెక్క దిమ్మ పెట్టినా ఎత్తు లేస్తుంది. దిగి లేవాలి. అదీ కమాన్ అంటే.'

నాయనమ్మ చెకప్

రెండు వారాల తర్వాత చెకప్ తారీఖు తీసుకుని మళ్లీ ఊరెళ్లాను. నాయనమ్మ రానని ఏవో సాకులు చెప్పింది. మడి బట్టలు ఆరలేదంది, ఎవరో వస్తామన్నారంది. చివరికి నాన్నే 'వాడు రెండ్రోజులు కొలిమి దగ్గర కూర్చున్నాడమ్మా, ఒక్కసారి ఎక్కి చూడు' అన్నాడు. అమ్మేద్దామన్న మనిషే!

తలుపు తీశాను. ఆవిడ వెనక్కి తిరిగి, సీటు అంచు చేత్తో తడిమి, కూర్చుని, కాళ్లు లోపలికి తిప్పుకుంది. నడుం వంచాల్సిన పని పడలేదు. అమ్మ ఆవిడ పక్కన దిండు పెట్టింది.

నేను నలభై దాటకుండా నడుపుతున్నాను. మొదటి స్పీడ్‌బ్రేకర్ దగ్గర అద్దంలోంచి చూశాను. పైసీటు కడ్డీని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, కళ్లు మూసుకుని, పళ్లు బిగించుకుని ఉంది. కారు దిగి లేచింది. ఆవిడ కళ్లు తెరవలేదు. రెండోదానికీ అంతే. నాలుగోదానికి ఒక చెయ్యి వదిలింది. కంకిపాడు వచ్చేసరికి రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి.

'చిన్నప్పుడు మా నాన్న జట్కా కట్టించి బెజవాడ తీసుకెళ్లేవాడు' అని మొదలుపెట్టింది. ఆ జట్కాకి కూడా ఇలాంటి కమాన్లే ఉండేవట, వాటికి ఆముదం రాసేవారట. చెబుతూ చెబుతూ పోరంకి దగ్గర మధ్యలో ఆపేసింది. నిద్రపోయిందేమో అనుకున్నాను. లేదు, కిటికీలోంచి రోడ్డు చూస్తోంది.

'ఒరే, ఇక్కడ పెద్ద స్పీడ్‌బ్రేకర్ ఉండాలే. తీసేశారా ఏంటి?'

తీసెయ్యలేదు. అప్పుడే దాటాం.

ఆస్పత్రి నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆటోనగర్ గేటు దగ్గర కాసేపు ఆగాం. కారు అప్పటికి 300 కిలోమీటర్లు తిరగలేదు, యూ బోల్టుల బిగింపుకి ఇంకా టైముంది. కానీ నాయనమ్మ ఆ మేస్త్రీని చూడాలంది. లోపలికి తీసుకెళ్లాను. బాబాయ్ కొలిమి దగ్గర నుంచి లేచి వచ్చి, ఆవిడకి దండం పెట్టి, నాకేసి చూశాడు.

'లారీ పట్టీ వేయించింది ఈ అబ్బాయేనమ్మా' అన్నాడు.

'తెలుసు నాయనా' అంది నాయనమ్మ.